మావగారు ఎత్తిన చెయ్యి

ఈ రోజు సాయంత్రం కలకత్తాలోని మా ఖిదిర్‌పూర్ వార్డులో, మూతపడిన పాత సినిమా హాలును ఏం చేయాలా అని మీటింగు పెట్టారు. మా మావగారు ఆ హాలు గేటు దగ్గర ముప్పై ఏళ్లు టిక్కెట్లు చింపారు. ఇప్పటికీ మేము దాని వెనక గదిలోనే ఉంటున్నాం.

కౌన్సిలర్ దాదా మూడు దారులు చెప్పాడు. కార్పొరేషన్ హాలును కొనేయొచ్చు. పాత కట్టడాల జాబితాలో చేర్చి బాగు చేయించొచ్చు. లేదంటే అందమైన ముందు గోడ ఒక్కటి ఉంచి, వెనకంతా కొట్టేసి మార్కెట్ కట్టొచ్చు. మూడోదానికి దాదా మనుషులు చేతులెత్తారు. వాళ్లెత్తితే మా వీధిలో అందరం ఎత్తుతాం, ఎందుకని అడగం. మావగారూ ఎత్తారు. ఆడవాళ్ల వెనక నిలబడి నేనూ ఎత్తాను.

అంతా అయ్యాక మావగారు లేచి, "మరి మా గది ఉంటాది కదా దాదా?" అని అడిగారు.

"కొట్టేయమని నువ్వే కదా కాకా చెయ్యెత్తావు," అన్నాడు దాదా. అందరూ నవ్వారు. ఏం చేయాలో తెలియక మావగారు కూడా నవ్వారు.

ఇంటికొచ్చి మావగారు కంచం ముందు కూర్చుంటే అత్తగారు, "ఇల్లు కూల్చిన సేత్తోటే అన్నం తింతావేటి?" అన్నారు. ఆయన తినకుండా లేచిపోయారు.

నేనూ చెయ్యెత్తానని ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను కడుపునిండా తిన్నాను. మీరైతే చెప్పేవారా?