కుక్కకు పేపర్ చదివిన రోజులు

పక్షవాతం వచ్చి తగ్గాక నా చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. మాట మాత్రం ముద్దగానే మిగిలింది. అంతకుముందు నేను బస్సు కండక్టర్‌ని. ప్రొద్దుటూరు నుంచి కొన్నాళ్లు జమ్మలమడుగు, కొన్నాళ్లు పులివెందుల. నోటితో బతికినవాణ్ణి. అలాంటిది, టీ అంగట్లో చక్కెర తక్కువ వెయ్యమంటే "ఏంది? ఏంది?" అని అడిగించుకున్నాక బయట నోరు విప్పడమే మానేశాను. డాక్టరు రోజూ గట్టిగా చదవమన్నాడు. ఇంట్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అయినా నాకు సిగ్గు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. స్నేహితులతో కలిసి, దెబ్బలు తగిలిన వీధికుక్కల కోసం ఊరి బయట ఒక రేకుల షెడ్డు నడుపుతోంది. ఒకరోజు మా గడప దగ్గర ఆగి, "మామా, మా షెడ్డు కాడికి వచ్చి సాయం చేస్తావా?" అంది.

వంగలేను, పరుగెత్తలేను, నావల్ల ఏమవుతుందని సైగ చేశాను.

"పట్టుకునేటోళ్లు ఉండారు, కట్లు కట్టేటోళ్లు ఉండారు, అన్నం వండేటోళ్లు ఉండారు. కుక్క కాడ ఊరికే కూచునేటోళ్లే లేరు మామా. అందరికీ పనులే. నువ్వు పేపర్ సదువుతాండు, సాలు."

"నా మాట నాకే అర్థం కాదమ్మా," అన్నాను కష్టం మీద.

"దానికీ తెలుగు రాదులే మామా!"

చాలా రోజుల తర్వాత నవ్వాను. మర్నాడు పేపర్ చంకలో పెట్టుకుని వెళ్లాను.

నాకు అప్పగించింది ఒక నల్లకుక్కను. చిలమకూరు దగ్గర లారీ గుద్దితే తెచ్చారట. కాలు అతుక్కుంది గానీ భయం పోలేదు. మనిషి లోపలికొస్తే చాలు, మూలకు నక్కి గోడవైపు తిరిగి వణికేది. నేను దూరంగా కుర్చీ వేసుకుని మొదలుపెట్టాను. వాన కబురు, చీనీకాయల, అదే బత్తాయిల ధర, ఎవరెవరో పోయారన్న వార్తలు. 'ర' దగ్గర నాలుక మడతపడితే మళ్లీ చదివేవాణ్ణి. అది "ఏంది?" అని అడగలేదు. వినలేక లేచిపోలేదు.

కొన్నాళ్లకు దాని చెవులు నావైపు తిరిగాయి. తర్వాత ముఖం తిరిగింది. ఒక మధ్యాహ్నం దగ్గు వచ్చి చదవడం ఆపితే, లేచి కుంటుకుంటూ వచ్చి నా చెప్పు మీద గడ్డం పెట్టి పడుకుంది. కదిలితే ఎక్కడ లేచిపోతుందోనని కాలు తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు.

ఆ రోజుల్లోనే మా ఆవిడ అన్నం పెడుతూ ఆగి అడిగింది: "ఈ మధ్య నీ మాట బాగా తెలుస్తాంది. ఏం జేస్తాండావు ఆడ?"

కుక్కను పెంచుకుంటామని మైలవరం నుంచి ఒక జంట వచ్చింది. ఆయన కువైట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చి, చీనీతోట చూసుకుంటున్నాడు. పిలిస్తే కుక్క నా కుర్చీ వెనక దూరింది.

"పిలవొద్దప్పా. కూచోని ఏదో ఒకటి మాట్లాడతాండు," అన్నాను.

"ఏం మాట్లాడాల?"

"కువైట్ సంగతులు చెప్పు."

మొహమాటపడుతూనే మొదలుపెట్టాడు. అక్కడి ఎండలు, ఒకే గదిలో అందరూ పడుకోవడం, పండగనాడు ఫోన్ కలవక ఏడ్చిన సంగతి. చెప్పుకుంటూ పోయాడు. కుక్క బయటికొచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం కుక్కను చూడటమే మర్చిపోయింది.

"ఇయ్యన్నీ నాకెప్పుడూ చెప్పల్యా నువ్వు!" అంది.

నల్లకుక్క వాళ్ల ఆటోలో వెళ్లిపోయింది. నాకు దిగులేసింది, అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. ఆ అమ్మాయికి కృతజ్ఞత చెప్పబోతే, "ఏంది మామా, పని చేసింది నువ్వు గదా!" అని కొట్టిపారేసింది. "కాదమ్మా, ఆ కుక్కకు నేనిచ్చింది కొంచెమే, అది నాకు నా మాటనే ఇచ్చింది," అన్నాను. మొత్తం వాక్యం ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఇప్పుడు షెడ్డు ఫోన్ నా దగ్గరే ఉంటుంది. మొన్న దువ్వూరు నుంచి ఒకామె కాలవలో పడిన కుక్కపిల్లను చూసి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇప్పటికీ నేను గబగబా మాట్లాడలేను. ఒక్కో మాటా నిదానంగా చెబుతుంటే ఆమె కూడా నిదానించి, ఏ వంతెన దగ్గరో గుర్తులు చెప్పింది. మా వాళ్లు వెళ్లి తీశారు. కుక్కపిల్ల షెడ్డులో ఉంది, పాలు తాగుతోంది.