నాయనమ్మ కంటి చుక్కలు

ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడి ఆగినప్పుడు, బాటసింగారం నుంచి మామిడిపళ్లు వేసుకొచ్చిన ట్రాలీ ఆటో పక్కన ఆగిందంటే చాలు, తడిసిన ఎండుగడ్డీ మగ్గిన కాయా గోనెసంచీ కలిసిన ఆ వాసనకు నేను పదేళ్ల పిల్లనైపోతాను. మా నాయిన అప్పట్లో కొత్తపేట పళ్ల మార్కెట్లో హమాలీ. ఎండాకాలమంతా ఆయన చొక్కా, తువ్వాల, పడుకున్న చాప కూడా అదే వాసన కొట్టేవి.

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నల్లగొండ పక్క ఊరు విడిచి వచ్చినవాళ్లం. అమ్మ కోచింగ్ పిల్లల హాస్టల్లో వంటకు పొద్దున్నే పోతే మధ్యాహ్నం దాటాకగాని తిరిగొచ్చేది కాదు. పై పోర్షన్లో గుడివాడ ఆంటీ ఉండేవారు. మేడ మీద ఒకే ఎండలో ఆమె మాగాయ ముక్కలూ మా అమ్మ మామిడి తొక్కూ పక్కపక్కనే ఎండేవి, ఎవరిది గొప్ప అన్న తగువు ఏటేటా నవ్వుతూనే నడిచేది, మేం పిల్లలం రెండింటి కాపలాకూ పోయి రెండింట్లోనూ చేయి పెట్టేవాళ్లం. కిందికొచ్చి సుద్దముక్కతో గళ్లు గీసుకుని, అరికాళ్లు చుర్రుమంటున్నా తొక్కుడు బిళ్ల ఆడేవాళ్లం.

ఇంట్లో నా పేరు రేపమ్మ. ఏ పని చెప్పినా రేపు చేస్తానంటాననీ, ఆ రేపు ఎన్నటికీ రాదనీ నాయిన పెట్టిన పేరు అది. కాపీ రాత రేపు, చెట్లకు నీళ్లు రేపు, జడ వేసుకోవడం నేర్చుకోవడం కూడా రేపే. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని గానీ, ఏదైనా చేస్తానని నోటితో అంటున్నప్పుడే చేయనని లోపల తెలిసిపోతుండేది. ఆ తెలియడం నాకు చాలా సిగ్గుగా ఉండేది.

నాకు పదేళ్లప్పటి వేసవి సెలవుల్లోనే, మాతో ఉండే నాయనమ్మకు ఒక కంట్లో పువ్వుకు, అదే శుక్లానికి, ఆపరేషన్ చేశారు. రెండో కన్ను కూడా మసకే, కాబట్టి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని తడుముకుంటూ ఉండేది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు చుక్కల మందు వేయాలి, ఆ తర్వాత వారానికొకటి చొప్పున తగ్గించాలి, ఒక్కటి తప్పినా కన్ను ఎర్రబారుతుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఎవరు వేయాలన్న మాట వచ్చినప్పుడు గుడివాడ ఆంటీ, “నేను వేస్తాలెండి, పిల్లని ఆడుకోనివ్వండి,” అన్నారు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మ మాత్రం మా పోరే వేస్తుందని పట్టుబట్టింది. నన్నెందుకు నమ్మిందో నాకే అర్థం కాలేదు.

చదువు రాని నాయనమ్మ లెక్కకు చింతగింజలు పెట్టుకుంది. పొద్దున ఒక గిన్నెలో ఆరు గింజలు, పక్కన ఖాళీ గిన్నె. నేను చేతులు కడుక్కుని, ఆమె కింది రెప్ప మెల్లగా లాగి చుక్క వేశాక ఒక గింజ ఇటు నుంచి అటు పోవాలి. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదోనాడు నాయిన దెబ్బ తగిలిన మామిడిపళ్లు గంపెడు తెచ్చాడు. గల్లీ పిల్లలమంతా మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నాం, ఆటలో పడ్డాం, ఎండ దిగాకగాని నాకు మధ్యాహ్నం చుక్క గుర్తు రాలేదు. లోపలికి ఉరికి సాయంత్రం చుక్క వేశాను. గింజలు మాత్రం రెండు జరిపాను.

ఆమెకు కనిపించదు కదా. గింజలు తడిమి చూసుకుని ఊరుకుంది. ఆ రాత్రి నాకు ఆమె కన్ను పోతుందేమోనని భయం వేసింది. పొద్దున మొదటి చుక్క వేయబోతూ ఏడ్చేశాను, జరిగింది చెప్పేశాను.

“నాకు ఎరుకే బిడ్డా. చుక్క ఏస్తే గొంతుల చేదు దిగుతది. నిన్న పగటేళ దిగలే,” అంది నాయనమ్మ.

మరి అడగలేదేమని అడిగాను.

“అడిగితే ఇంకో అబద్ధం జెప్తవ్. అందుకే ఊకున్న. నిన్నటిది ఇడిచిపెట్టు, రేపటిది నాకొద్దు. ఇయ్యాలటిది జెప్పు.”

హాస్టల్‌కు బయల్దేరుతున్న అమ్మ గుమ్మంలోంచి అంతా విన్నది. చుక్కల సీసాను పై పోర్షన్ ఆంటీకి ఇచ్చేయమంది. నేను సీసాను పిడికిట్లో బిగించి గోడకు ఆనుకున్నాను. అంత మొండితనం నాలో ఉందని అప్పటిదాకా నాకూ తెలియదు. “ఇయ్యాల ఆరు నేనే ఏస్తా. మాపటికి ఒక్కటి తప్పినా ఇచ్చేస్త,” అన్నాను. రేపు అన్న మాట లేకుండా నేను ఇచ్చిన మొదటి మాట అదేననుకుంటాను.

ఆ రోజు ఆరూ వేశాను. మర్నాడు మళ్లీ ఆ ఒక్కరోజుకే మాటిచ్చాను. ఆటలో నా వంతు వస్తుండగా వదిలి లేచాను, జ్వరం వచ్చిన రోజు గోడ పట్టుకుని వెళ్లి వేశాను. గింజలు అయిదయ్యాయి, నాలుగయ్యాయి, ఆఖరికి ఒకటైంది. ఆరు వారాలకు బస్సెక్కి దవాఖానకు పోయి చూపిస్తే కన్ను శుభ్రంగా ఉందన్నారు. బయటికొచ్చి నాయనమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. మరుసటేడు రెండో కంటికి ఆపరేషన్ అయినప్పుడు అమ్మ ఎవరినీ అడగలేదు, సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఇల్లు పడగొట్టి అయిదంతస్తుల హాస్టల్ కట్టారు. మార్కెట్ ఊరవతలికి పోయింది. గల్లీలో ఆడపిల్లలు గళ్లు గీసుకునేంత చోటు బండ్లు మిగల్చలేదు, గుడివాడ ఆంటీ ఎక్కడున్నారో తెలియదు, నాయనమ్మ పోయి చాలా ఏళ్లైంది. ఇప్పటికీ పొద్దున్నే ఆ రోజుకు ఒక్క పని, చిన్నదే, చేస్తానని నాకు నేను మాటిచ్చుకుంటాను. తప్పితే అడిగేవాళ్లు లేరు, ఎవరికీ తెలియదు కూడా. నాకు తెలుస్తుంది. అందుకే చేసి పడుకుంటాను.