నాకు జవాబే వచ్చు

మా అమ్మ గోదావరి జిల్లా క్రిస్టియన్, నాన్న కడప ముస్లిం. సౌదీలో ఉండటానికిచ్చిన నా ఇకామా కార్డు మీద నాన్న మతమే ఉంది. దమ్మామ్‌లో నర్సులను హాస్టల్ నుంచి ఆసుపత్రికి చేర్చే వ్యాను డ్రైవర్‌ని.

చిన్నప్పుడు డిసెంబరు వస్తే అమ్మ పుట్టింటి పేటకు వెళ్లేవాళ్లం. క్రిస్మస్ పాటలతో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు డప్పు పక్కన నిలబడి అమ్మే పాట ఎత్తుకునేది. "ఎవరింట వాలింది ఈ చుక్క?" అని ఆమె అడగాలి, "పాకలో అమ్మా, పశువుల పాకలో" అని మేమంతా చెప్పాలి. ఇల్లు మారినకొద్దీ ప్రశ్న మారేది, జవాబు మాత్రం అదే. మొదటి ప్రశ్న తప్ప మిగతావేవీ నాకు గుర్తులేవు. ఎప్పుడో ఫోనులో అడిగి నేర్చుకుందాంలే అనుకున్నాను. నా బద్ధకం తగలెయ్య, నిరుడు అమ్మ పోయింది.

మొన్న డిసెంబరులో వెనక సీట్లో పెద్ద నర్సు, అందరూ అక్క అని పిలిచే భీమవరం ఆవిడ, గొంతు తగ్గించి అదే పాట ఎత్తుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంజిను మోతలో ప్రశ్నలు సరిగ్గా వినబడలేదు. మూడు రోజులు నోరు మూసుకున్నాను. నాలుగో రోజు వాళ్లకంటే ముందు నేనే "పాకలో అమ్మా" అని గట్టిగా అందుకున్నాను.

పాట అక్కడే ఆగిపోయింది.

"మీకెలా వచ్చు భాయ్?" అంది అక్క.

"మా అమ్మ పాడేదక్కా. అమ్మ క్రిస్టియనే."

"మరి మీ పేరు?"

"నాన్న పెట్టింది."

నమ్మలేదని అద్దంలో ముఖాలే చెప్పాయి. ఆసుపత్రి దగ్గర అందరూ దిగాక అక్క నా కిటికీ దగ్గరకొచ్చింది. "మేమేం పాడలేదండీ. ఎవరితోనూ అనకండి, వీళ్లంతా చిన్నపిల్లలు, ఉద్యోగాలు పోతాయి."

"నేనెవరికి చెబుతానక్కా? ఆ ప్రశ్నలు నాకు రాసివ్వండి, చాలు."

"ఏ ప్రశ్నలండీ?" అని వెళ్లిపోయింది.

ఒళ్లు మండింది. ఆమెనేమనను? ఆ వారమే రూములో నేను ఆ పాటే కూనిరాగం తీస్తుంటే, నాతో ఉండే కడప ముస్లిం ఒకాయన "అదేం పాటప్పా?" అన్నాడు. "ఏదో పాత సినిమాది" అన్నాను. అమ్మ పాటను సినిమా పాట చేసిన నోరిది.

ఆ రోజు నుంచి వ్యానులో ఎవరూ పాడరు. నర్సులను దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అద్దాలెక్కించి మొదటి ప్రశ్న నేనే అడుగుతాను, జవాబూ నేనే చెబుతాను. రెండోది రాదు. హాస్టల్ గేటు దాకా మళ్లీ మొదటిదే అడుగుతాను.