బాదం ఆకుల చప్పుడు

మొన్న డిసెంబరు మొదటి వారంలో, ఖైరతాబాదులో మేముంటున్న అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని టీ తాగుతుంటే, కింద కార్ల వెనక బాదం చెట్టు మొదట్లో, రాలిన ఆకుల మధ్య ఏదో నారింజ రంగు కదిలినట్టనిపించి కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. తలా రొమ్మూ నారింజ రంగు, వీపు బూడిద కలిసిన నీలం, రెక్క మీద తెల్లటి మచ్చ, తెల్లని చెంప మీద కాటుక కారినట్టు రెండు గీతలు. ముక్కుతో ఒక ఆకును పక్కకు విసిరి, ఆగి, తల వంచి చూసి, మళ్ళీ ఇంకో ఆకు విసిరింది. వాచ్‌మన్ భార్య చీపురు పట్టుకుని అటే వస్తోంది. ఎప్పుడు లేచానో తెలియదు, అక్కడ ఊడ్వొద్దమ్మా అని పైనుంచి గట్టిగా అరిచాను.

"ఏంది సారూ, చెత్త గట్లనే ఉంచితే సెక్రటరీ సారు నన్నంటడు గద!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకు పిట్ట గోడ దాటి ఎగిరిపోయింది.

చెత్త గురించి ఇలాంటి మాటే ముప్పై ఏళ్ళ కిందట నాంపల్లిలో మా మేనత్త రోజూ వినేది. తొంభైల మొదట్లో ఆబిడ్స్‌లోని ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికి, మెదక్ నుంచి ఒక రేకు పెట్టెతో వచ్చి నేను దిగింది ఆవిడ ఇంట్లోనే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. చిన్న పెంకుటిల్లు, దాని వెనక ఇంటికంటే పెద్ద పెరడు, అందులో ఒక బాదం చెట్టు, గోడ పొడుగునా మనిషెత్తు పెరిగిన లాంటానా కంచె. చలికాలం వచ్చేసరికి ఆ కంచె నిండా మిరియాల్లాంటి నల్లటి పళ్ళు గుత్తులు గుత్తులుగా పండేవి. వాటికోసం, ఆకుల కింది పురుగులకోసం ఆ పిట్ట ఎక్కడినుంచో వచ్చేది. అది త్రష్ జాతి పిట్ట అని, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ దేశం విడిచి వెళ్తూ ఇచ్చిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూసి మా అత్త తెలుసుకుంది. క్రిస్మస్‌కు ముందు వస్తుంది కనుక ఇంట్లో దాన్ని పండుగ పిట్ట అనేవాళ్ళం.

డిసెంబరు మొదలు ఈస్టరు దాకా పెరట్లో చీపురు పెట్టడానికి వీల్లేదు. ముందు వాకిలి అద్దంలా ఉండేది, పెరట్లో మాత్రం బాదం ఆకులు పాదం మునిగేంత. "ఏంది టీచరమ్మా, పిల్లలకు శుభ్రత చెప్పినవు, నీ పెరడు గిట్లుంచినవు?" అని పక్కింటావిడ గోడ మీదుగా అంటే, "వాళ్ళకు పరీక్షలున్నయ్, నాకు లేవు" అనేది అత్త.

రూళ్ళ నోటుబుక్కులో పిట్ట వచ్చిన రోజు మొదలు వెళ్ళిపోయే దాకా రోజూ రాసేది. దానికొక పద్ధతి. చెంప మీది గీతలు, రెక్క మీది తెలుపు, ఆకు విసిరే తీరు, ఈ మూడూ చూడనిదే పేరు రాయకూడదు. ఒక్కటి తక్కువైనా 'ఏదో పిట్ట' అని రాసి ఊరుకునేది. మొదటి సంవత్సరం నేను చెట్టు నీడలో ఒక గోరింకను చూసి వచ్చిందొచ్చిందని గోల చేశాను. "గోరింక నడుస్తదిరా, ఇది దూకుతది. ముక్కు, రెక్కలు చూసినవు సరే, కాళ్ళు ఎవరు చూస్తరు?" అని నవ్వింది. పెరట్లో ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి చూసిన ఆ ఉదయాలు నా జీవితంలో మంచి రోజులు.

తరవాత ఆవిడ చూపు మందగించింది. కంటి దవాఖానలో నరం దెబ్బతిన్నది, ఆపరేషన్‌తో లాభం లేదన్నారు. రెండువేలు దాటేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అప్పుడు నోటుబుక్కు నా చేతిలో పెట్టి, ఇక నువ్వే చూసి రాయాలిరా అంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క చలికాలం కూడా తప్పని పుస్తకమది. నేను ఆ ఇంట్లో ఉన్న మొత్తం కాలంలో ఆవిడ నన్నడిగిన పని అదొక్కటే.

ఆ డిసెంబరులో మా ఆఫీసులో పై పోస్టు ఒకటి ఖాళీ అయింది. పై అధికారిని పండుగ మర్నాడు కుటుంబంతో సహా భోజనానికి పిలిచాను. పెరట్లో బల్లలు వేయాలి, ఆ చెత్తా ఆ ముళ్ళ కంపా చూసి ఆయనేమనుకుంటాడో అని నా దిగులు. అత్త ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి వెళ్ళిన మధ్యాహ్నం ఇద్దరు కూలీలను పెట్టి, పళ్ళతో ఉన్న కంచెను మొదలంటా నరికించి, ఆకులన్నీ కుప్పవేసి కాల్పించాను. ఆవిడ గేటు దగ్గరే ఆగి, ఏం కాలుతుందిరా అని అడిగింది. పక్కింట్లో అన్నాను.

విందు బాగా జరిగింది. పోస్టు నాకే వచ్చింది. పిట్ట మాత్రం రాలేదు, లేదా వచ్చి వెళ్ళిపోయిందో, అసలు నేను చూస్తే కదా. ఆఫీసుకో చర్చికో బయల్దేరుతూ చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇయ్యాల వచ్చిందా?" అని ఆవిడ అడిగేది, వచ్చింది అత్తమ్మా, రెండు వచ్చినయ్ అని చెప్పి, సాయంత్రం అదే పుస్తకంలో రాసేవాణ్ణి. జనవరి ఒకటి నుంచి నెలంతా అలాగే గడిచింది.

ఫిబ్రవరి ఒకటో తారీఖు పొద్దున వెనక గడప మీద కూర్చుని, నా మొహం వైపు కాకుండా పెరటి వైపు తల తిప్పి మెల్లగా అంది. "గిన్ని దినాల సంది వింటున్న. ఒక్క ఆకు చప్పుడు కాలేదురా. ఆకు ఇసురుతది, ఆగుతది, మల్ల ఇసురుతది. గది వినే కద నేను కూసునేది."

తప్పయింది, రాలేదని దిద్దుతానన్నాను.

"రాలేదని ఎట్ల రాస్తవు? చూసినవా రాలేదని? చూడలేదని రాయి. కొట్టెయ్యకు, పక్కన రాయి."

అంతే అడిగింది. కంచె సంగతి ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే ఏడ్చి కాళ్ళు పట్టుకునేవాణ్ణేమో. పట్టుబడిన సిగ్గు నాలో కోపమై లేచి, పిట్ట రాకపోతే కొంపలేం మునగవు, నాకు ఆఫీసు పనులు లేవా అని విసుక్కుని వెళ్ళిపోయాను. ఆ తరవాత ఆవిడ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. మరో నాలుగు చలికాలాలు బతికింది. వానలకు కంచె మళ్ళీ చిగిర్చింది, నల్లటి పళ్ళూ కాశాయి, నేను చీపురు పెట్టనివ్వలేదు. ఉదయాలు ఆవిడ అదే గడప మీద తల పక్కకు వంచి కూర్చునేది. ఏం వినేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. క్షమించమని అడగడానికి నాలుగేళ్ళు చాలకపోవడం ఉంటుందా అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. నాకు చాలలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, దాని చోట నాలుగంతస్తుల లాడ్జి, పెరడున్న చోట బళ్ళు నిలుపుతున్నారు. చలి కూడా పండుగకు ముందు నాలుగు రోజులు, తరవాత నాలుగు రోజులు కనిపించి పోతోంది. ఆవిడ బైబిలుతోపాటు నాకు చేరిన నోటుబుక్కును ఇన్నేళ్ళూ బీరువా అడుగునే ఉంచాను. మొన్న పిట్ట ఎగిరిపోయిన సాయంత్రం తీసి, ఆ జనవరిలో నా చేతి రాతతో ఉన్న ఒక్కొక్క రోజు పక్కనా, ఆవిడ చెప్పినట్టే కొట్టెయ్యకుండా, చూడలేదు అని రాశాను. ముప్పై ఒక్కసార్లు. ఖాళీగా వదిలిన నాలుగు చలికాలాలకూ అదే మాట.

మర్నాడు కిందికి చూస్తే బాదం చెట్టు చుట్టూ ఒక చాప వెడల్పున ఆకులు అలాగే ఉన్నాయి. "గా మూలకు ఇడిసిపెట్టిన సారూ, ఎవరన్న అడిగితే మీ పేరే చెప్త" అంది వాచ్‌మన్ భార్య. కాసేపటికి పిట్ట వచ్చింది. గీతలు చూశాను, రెక్క చూశాను, కాళ్ళు కూడా చూశాను. ఆకును విసిరింది, ఆగింది, మళ్ళీ విసిరింది. చెవి ఒగ్గి ఎంతసేపు కూర్చున్నా ఆ రోడ్డు హోరులో నాకేమీ వినబడలేదు.

లోపలికి వచ్చి తేదీ వేసి, చూశాను, ఒకటి, అని రాశాను. దాని పక్కన, చప్పుడు వినలేదు అని కూడా రాశాను.