కొండెక్కించమన్న లైటు

కళింగపట్నంలో గ్యాసులైటు గంగులును ఎరగనివాడు లేడు. పెళ్లి ఊరేగింపైనా, అమ్మవారి సంబరమైనా నెత్తిన లైటు పెట్టుకుని వాడు ముందు నడవాల్సిందే. దారిలో ఎవడైనా ఆ లైటు జోలికొచ్చాడో, పళ్లు రాలగొట్టేవాడు. అంత మొండివాడు.

నలభై ఎనిమిదిలో మద్రాసు సినిమా కంపెనీ ఒకటి శాలిహుండం కొండ దగ్గర షూటింగుకు దిగింది. లారీ మీద జనరేటరు, ఇనప కాళ్ల మీద ఇంతింత లైట్లు! ఒక్కోదాని ముందు మెట్లు మెట్లుగా కోసిన దళసరి గాజు. వెనక మర తిప్పితే వెలుగు పరుచుకునేది, వెనక్కి తిప్పితే ఒక్కచోటికి చేరి కళ్లు జిగేల్‌మనిపించేది. కూలికి కుదిరిన గంగులు దాని మీద మనసు పారేసుకున్నాడు. లైట్ల మేస్త్రీ భావనారాయణ అది కనిపెట్టి, "పని బాగా చేశావంటే మద్రాసు తీసుకుపోతానురా" అన్నాడు. ఇంకేముంది, ఆ సాయంత్రానికి ఊరంతా చాటేశాడు మహానుభావుడు.

మర్నాడు పొద్దువాలేవేళ, కింద లైట్లన్నీ వెలుగుతుండగా, మేస్త్రీ కొండ మీద నుంచి గంగులు పక్కనున్న లైటు చూపించి కేకేశాడు. "గంగులూ, ఆ లైటు కొండెక్కించరా!"

పైకి మోసుకు రమ్మని అతని ఉద్దేశం. కానీ వెలిగే దీపాన్ని ఆర్పమనడానికి మనకు నోరు రాదు, కొండెక్కించమంటాం. గుంటూరులో పుట్టిన మేస్త్రీకీ ఆ మాట తెలుసు. మద్రాసు నీళ్లు తాగి మరిచిపోయాడు, అంతే.

స్విచ్చు ఎక్కడో జనరేటరు దగ్గరుందని గంగులుకు తెలియదు. మర తిప్పాడు. వెలుగు ఇంకా చురుక్కుమంది.

"ఇంకా కొండెక్కించలేదా, గాడిదా!" పైనుంచి కేక.

"ఎక్కిస్తన్నాను బాబూ!" అంటూ పక్కనున్న కుండెత్తి, నిప్పులా కాలుతున్న గాజు మీద నీళ్లు గుమ్మరించాడు.

గాజు తుపాకి పేలినట్టు పేలింది. ఒక పెంకు ఎడమ కంట్లో దిగింది. గంగులు ముఖం పట్టుకుని కూలబడ్డాడు. మేస్త్రీ పరుగున దిగొచ్చాడు. అతనికి పగిలిన గాజే కనిపించింది గాని, పగిలిన కన్ను కనిపించలేదు. కేబులు అందుకుని వీపు చీరేశాడు. ఎన్ని దెబ్బలని ఓర్చుకుంటాడు! గంగులు ఎగిరి అతని పీక పట్టాడు. కింద పడేసి గుండెల మీద మోకాలు వేసి, నోరు నెత్తురయ్యేలా గుద్దాడు. ఊపిరాడని మేస్త్రీ చేతికందిన కేబులు కొస విసిరాడు. దాని ఇత్తడి ముక్క గంగులు కుడి కంటిని చితక్కొట్టింది.

కూలి జనంలోంచి గంగులు పెళ్లాం అసిరమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి మేస్త్రీ జుట్టు పట్టుకుంది. "కొండెక్కించమని నువ్వే కదరా అన్నావు! ఆర్పమన్నావని ఆర్పీసినాడు! మా మావ సేసిన తప్పేటి?"

భావనారాయణకు అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఆ మాటే అనేది. గంగులు చేతులు పట్టుకుని బావురుమన్నాడు. "తప్పు నాదేరా! నిన్ను మద్రాసు తీసుకుపోతాను. నా పక్కనే ఉంచుకుంటాను. లేరా!"

గంగులు ఆ చేతులు వదల్లేదు. మద్రాసు అనే మాటకు నెత్తురు ముఖంతోనే తలాడించాడు.

"అలాగే బాబూ. ముందు ఆ మిగతా లైట్లు ఎలిగించమను. నాకేటీ కనబడ్డం నేదు."

మిగతా లైట్లు ఎవరూ ఆర్పలేదు.