మూడు లెన్సులు, ఒక మట్టిగోడ

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. జనగామలో పద్దెనిమిదేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఫోటోలో తెల్లటి ఆకారం కనిపించిందని ఎవరైనా తెస్తే, అది లెన్స్ మీద పడిన వెలుగని చూపించి పంపేవాణ్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

కొత్త కెమెరా కొన్నాక ఏ లెన్స్ వాడాలో తేల్చుకోలేకపోయాను. జూమ్ అయితే నిలబడ్డ చోటి నుంచే పెళ్లంతా తీయవచ్చు. ప్రైమ్ అయితే మనమే ముందుకూ వెనక్కూ నడవాలి, కానీ మొహాలు ముచ్చటగా వస్తాయి. మూడోది, మహబూబాబాద్‌లో స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన ఇచ్చిన పాత లెన్స్. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

"గిది తొందరపడెటోళ్లకు కాదు తమ్మీ. జర నిలబడి సూడాలె" అన్నాడాయన.

వానాకాలం చివర, భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో మా అక్క కూతురి ఫంక్షన్‌కు మూడూ పట్టుకెళ్లాను. పొద్దున పది గంటలకు అందరినీ పెరట్లో పాత మట్టిగోడ ముందు నిలబెట్టాను. మధ్యలో బెంచీ మీద అక్క అత్తగారు లచ్చమ్మ, చుట్టూ పదమూడు మంది. కెమెరాను స్టాండుకు బిగించి, ఒకే చోటి నుంచి మూడు లెన్సులతో తీసి పోల్చుకుందామనుకున్నాను.

జూమ్, ప్రైమ్ రెండింటితోనూ బాగా వచ్చాయి. పాత లెన్స్ పెట్టి, తెరమీద పెద్దది చేసి చూస్తూ లచ్చమ్మ కళ్ల మీద ఫోకస్ తిప్పాను. కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి. నొక్కాను. ఫోటోలో మనుషులంతా మసక. వెనక గోడ మాత్రం స్పష్టంగా పడింది.

మళ్లీ తీశాను. అదే. ప్రైమ్ పెట్టి ఒకటి తీస్తే మొహాలు సరిగ్గా వచ్చాయి. పాతది పెడితే మళ్లీ గోడే. నా కెమెరాలో తెరమీద కనిపించిందే ఫోటోలో పడుతుంది. ఇలా తేడా రాకూడదు.

"ఏందిరా, ఇంకెంతసేపు? అత్తమ్మకు ఎండ గొడుతున్నది" అని అక్క గదిమింది.

నాకూ చిరాకేసింది. "జర అందరు గా వేపచెట్టు కిందికి రాండ్రి" అన్నాను. లచ్చమ్మను నేనే చెయ్యి పట్టుకుని నడిపించాను.

ఆమెను కుర్చీలో కూర్చోబెడుతుండగా వెనక దడాలున చప్పుడైంది. గోడ మొత్తం కూలిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే బెంచీ రెండు ముక్కలై ఉంది. అక్క పిల్లలను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"గిప్పుడే గదరా నేను ఆడికెల్లి లేచింది" అంటూ లచ్చమ్మ నా చెయ్యి వదల్లేదు.

వారం రోజుల వానకు నానిన గోడ, పడింది. మేం అక్కడి నుంచి జరగడం మా అదృష్టం. మధ్యాహ్నం దాకా అందరికీ అదే చెప్పాను.

తర్వాత ల్యాప్‌టాప్‌లో ఫోటోలు తెరిచాను. జూమ్ ఫోటోలో మనుషులతోపాటు గోడా స్పష్టంగానే ఉంది. ఎక్కడా పగులు లేదు. పాత లెన్స్‌తో తీసిన మూడింట్లోనూ పైనుంచి కిందిదాకా పగులు ఉంది. లచ్చమ్మ తల వెనక గోడ ముందుకు ఉబ్బి ఉంది. వాటి నడుమ ప్రైమ్‌తో తీసినదాంట్లో గోడ కొంచెం మసకగా ఉన్నా, అంత పగులు దాగదు. అది అందులో లేదు.

బావను పిలిచి చూపించాను. ఆయన ఫోటోలు ఒకటి వెనక ఒకటి చూసి, లేచి పిల్లల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

హనుమకొండలో లెన్సులు బాగుచేసే అతను దాన్ని విప్పి చూసి, "మంచిగనే ఉన్నదన్నా" అన్నాడు. ఇప్పుడు ఎక్కడ ఫోకస్ తిప్పితే అక్కడే పడుతోంది.

లచ్చమ్మకు జూమ్ ఫోటో ఫ్రేమ్ కట్టించి తీసుకెళ్లాను. బావ చెప్పినట్టున్నాడు, ఆమె దాన్ని పక్కన పెట్టేసింది. "నాకు గా గోడ ఫోటో ఇయ్యి బిడ్డా. నా మొకం కానరాకున్నా ఏం గాదు."

ఇప్పుడు వాళ్ల ముందరి గదిలో అదే వేలాడుతోంది. మనుషులంతా ఎందుకిలా మసకగా ఉన్నారని వచ్చినవాళ్లు అడుగుతుంటారట. నేను మాత్రం ఇప్పుడు ఎవరిని నిలబెట్టినా, ముందు వాళ్ల వెనకున్న గోడ చూస్తున్నాను.