తోమిన దీపం

ఇత్తడి మీద చింతపండు పులుపు పడగానే వచ్చే వాసన నాకిప్పటికీ పడదు. ఇవాళ అమ్మ దసరాకని బిందెలు తోముతుంటే, దరఖాస్తు నింపడం ఆపి లేచి తలుపు మూశాను. ఆ వాసనతో రహీం కాక గుర్తొస్తాడు, ఆయన వెనకే స్వప్న. స్వప్న గుర్తొస్తే నాకు కడుపుమంట.

రహీం కాక గోదావరిఖనిలో బొగ్గుబాయి ల్యాంపు రూములో చేసి రిటైరైనవాడు. షిఫ్టుకు దిగేవాళ్లకు దీపాలివ్వడం, పైకొచ్చాక తీసుకోవడం ఆయన డ్యూటీ. తర్వాత ఇంటి ముందుగదిలో పాత దీపాలు, తాళాలు బాగుచేస్తూ కూర్చునేవాడు. పాత వస్తువులు చెడిపోకుండా కాపాడడం కూడా ఒక చదువని, దానికి యూనివర్సిటీలో పీజీ ఉందని తెలిశాక నేనూ, నాతో డిగ్రీ చదివిన స్వప్నా ఆయన దగ్గర చేరాం. ముందు వెళ్లింది నేను. దాన్ని తీసుకెళ్లిందీ నేనే. కొరివితో తల గోక్కున్నాను.

ఏ వస్తువిచ్చినా ముందు గంటసేపు చేతులు వెనక్కి కట్టుకుని చూడమనేవాడు కాక. కనిపించిన ప్రతి మరకా కాగితం మీద గీశాకే ముట్టుకోవాలి. పది నిమిషాలకే నా చేతులు ఊరుకునేవి కావు. స్వప్న మాత్రం కదలకుండా నిలబడేది. "గట్ల సూడాలె" అని ఆయన దాన్ని చూపిస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ పీజీ దరఖాస్తులో మేం స్వయంగా శుభ్రం చేసిన వస్తువు గురించి ఫొటోలతో రాయాలి. కాక మా ఇద్దరికీ మసిపట్టిన చెరో పాత బొగ్గుబాయి ఇత్తడి దీపం ఇచ్చాడు. స్వప్న కంటే ముందే ముగించాలని నేను దాన్ని ఇంటికి తెచ్చి, ఆయుధపూజకు నాన్న పనిముట్లు తోమినట్టే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేశాను. ఒకచోట నీళ్లు మరీ ఎర్రగా దిగాయి. ఇటుకపొడేలే అనుకున్నాను. దీపం తళతళలాడింది.

మర్నాడు రెండూ కాక ముందు పెట్టాం. స్వప్నది ఇంకా సగం నల్లగానే ఉంది. మసి కింద దానికి మూడు ఎర్రరంగు చుక్కలు దొరికాయట. వెనకట చదువురాని కార్మికులు తమ దీపం పోల్చుకోవడానికి అలా చుక్కలు పెట్టుకునేవాళ్లని చెప్పి, కాక నా దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీదాని మీద ఏమన్న ఉండెనా బిడ్డా?"

"ఏం లేకుండె కాక."

ఆయన "గిది ఎవ్వలదో ఇగ తెల్వది" అని దాన్ని నా చేతిలోనే పెట్టాడు.

స్వప్నకు సీటొచ్చింది, నాకు రాలేదు. దానికే మంచి సిఫారసు ఉత్తరం రాసిచ్చి ఉంటాడన్న ఉక్రోషంతో మళ్లీ ఆయన గడప తొక్కలేదు. ఆ ఏడే కాక పోయాడు. ఎర్రనీళ్ల సంగతి ఆయనకు చెప్పనేలేదు.

నిన్న స్వప్న ఫోన్ చేసి తన పని గురించి మురిసిపోతూ చెబుతుంటే సంతోషంగా ఉందన్నాను. అబద్ధం. నా కుళ్లు ఎక్కడికీ పోలేదు. కానీ ఇవాళ తలుపు మూశాక, ఆ దీపం ముందు గంటసేపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తర్వాత, మళ్లీ అదే పీజీకి నింపుతున్న ఫారంలో వస్తువు గురించి రాయాల్సిన చోట రాశాను: "దీని మీద ఒక మనిషి గుర్తు ఉండేది. నేనే తోమేశాను."